దాచుకునే చోటు

పెంపుడు జంతువుల మనసులో మాట పైకి పలికే మెడపట్టీలు వచ్చాక విశాఖలో నోరు మూసుకున్న కుక్క లేదు. ఎదురింటి కుక్క పొద్దున లేస్తూనే "నువ్వంటే ప్రాణం" అని యజమానితో అనడం వీధంతటికీ వినిపించేది. కుసుమ పెంచే చిట్టెలుకలాంటి హ్యామ్‌స్టర్ పేరు గుండు. దాని పట్టీ మాత్రం తెచ్చిన నాటి నుంచీ రెండే మాటలు పలికింది: "గింజ", "దాచాలి".

కుసుమ రోజూ దాని గూట్లో తడిసిన రంపపుపొట్టు తీసి పొడిది పరిచేది, అది పరిగెత్తి ఆడుకునే చక్రం తుడిచేది, పొద్దుతిరుగుడు గింజలు పెట్టేది. అది వాటిని బుగ్గల్లో కుక్కుకుని మూలకు పోయేది.

"దీనికి మనమెవరమో కూడా తెలీదు. తిరిగిచ్చేసి కుక్కని తెచ్చుకుందాం. ఓ మంచి మాటైనా వింటాం," అన్నాడు భర్త సన్యాసిరావు. కుసుమ కాదనలేకపోయింది.

ఆ సాయంత్రం అతను గుండుని తీసుకెళ్లడానికి బుట్ట తెచ్చాడు. కుసుమ గుండుని అరచేతిలోకి తీసుకుంది. అంతలో సరుకులు తెచ్చే డ్రోన్ కిటికీకి ఆనుకున్నట్టే రొద చేస్తూ పోయింది. గుండు వణికింది. దూకి పారిపోతుందేమోనని కుసుమ భయపడింది. అది మాత్రం బుగ్గల్లోని గింజలు ఒక్కొక్కటే తీసి, ఆమె అరచేతి గుంటలో పెట్టి, ముక్కుతో లోపలికి నెట్టింది.

"దాచాలి," అంది పట్టీ.

కుసుమ గింజలు జారకుండా వేళ్లు ముడుచుకుంది. "ఏవండీ, దాని కలిమంతా నా దగ్గర పెట్టింది."

సన్యాసిరావు బుట్ట కింద పెట్టి, తన అరచేయి ఆమె చేతి పక్కన చాపాడు.

"నాది కూడా చూపించు దానికి," అన్నాడు.