మోగని సైరన్

“సైరన్ మోగలే గదా, నీళ్ళెట్ల వస్తయ్?” అని నవ్వుతూ తిమ్మప్ప అండమాన్‌లో రెండు దీవులను కలిపే, పోటొస్తే మునిగిపోయే ఇసుక దారి మీద నడిచాడు. వనపర్తి వైపు ఒక ఆనకట్ట మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. గేట్లెత్తే ముందు సైరన్ వేయడమే అతని పని.

అతను అటు తిరిగి ఫోటోలు తీసుకుంటుంటే, వెనక సముద్రం పొంగింది. దారి సన్నబడింది. “పిలువమ్మా, పిలువు!” అని పడవవాడు తొందరపెట్టాడు.

ఒడ్డున నిలబడ్డ తిమ్మప్ప భార్య జములమ్మ నోరు తెరవలేదు. చూస్తూనే ఉంది. దారి నడుమ పూర్తిగా మునిగాక అరిచింది.

“ఓ... నీళ్ళొచ్చినయ్! ఎనక్కి రా!”

తిమ్మప్ప ఛాతీలోతు నీళ్ళలో పడుతూ లేస్తూ ఒడ్డు చేరాడు. వణుకుతూనే ఆమె మీద ఎగిరాడు.

“కండ్ల ముందట చూస్కుంట, గింతసేపు ఎందుకు పిలువలే?”

జములమ్మ కొంగుతో అతని తల తుడిచింది.

“జర ఆలస్యమైనా పిలిచిన గదా. మా తమ్ముడు ఏట్ల కొట్టుకపోయిన నాడు నువ్వు సైరనే వేయలే.”