ఆఖరి దొప్ప

“ఇదేంది బిడ్డా, జెముడుకాయనా?”

ఎల్లారెడ్డి ఊరి వారపు అంగట్లో నవత తట్ట ముందు ఆగినవాళ్లంతా అదే మాట అడుగుతున్నారు. అడిగి, నవ్వుకుంటూ వంకాయల వైపు సాగిపోతున్నారు.

తట్ట నిండా ఎర్రటి డ్రాగన్ పండ్లు. నాగిరెడ్డిపేటలో స్తంభాలు పాతి, తీగలెక్కించి ఆమె చేతులారా పెంచిన తోట. ఇది మొదటి కాపు.

వెనక బస్తా మీద కూర్చున్న మామ భూమయ్య బీడీ వెలిగించాడు.

“నేను ముందుగాలనే చెప్పిన. ఇయ్యాల అమ్ముడు పోకుంటే రేపే ఆ స్తంభాలు పీకిపిస్త. మక్కజొన్న పెడ్త!”

అవతల యాదవ్వ చాయ్ డబ్బా దాకా వినిపించేలా అన్నాడు.

“పోతయి మామా. జర చూడు.”

నవత కత్తి తీసింది. పండు కోసి గుజ్జును చిన్న చిన్న ముక్కలు చేసింది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర తరిగి కలిపింది. ఉప్పు చల్లి నిమ్మకాయ పిండింది. ఫోన్‌లో చూసి నేర్చుకున్న సల్సా. గిన్నె భగ్గున ఎర్రబడింది.

“పండ్ల ఉల్లిగడ్డనా! థూ!” భూమయ్య మొహం తిప్పుకున్నాడు.

“ఏది, నాకు పెట్టు.”

ఎదురుగా ఒక పెద్దమనిషి. తలకు రుమాలు, మాసిన అంగీ, మోచేతుల దాకా గీరుకుపోయిన గీతలు. ఏ కంపలో పడి వచ్చాడో అనుకుంది నవత.

మోదుగాకు దొప్పలో సల్సా వేసి, అప్పడం ముక్క గుచ్చి ఇచ్చింది.

“రుచి చూసుడు ఉత్తగనే, పైసలొద్దు కాకా.”

అతను నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

“లై భారీ!” చాలా బాగుందని మరాఠీలో అరిచాడు. “అబ్బబ్బ! పులుపు, తీపి, కారం... అన్నీ ఒక్కతాన్నే ఉన్నయి!”

నలుగురు తిరిగి చూశారు.

“ఇంకింత ఎయ్యి.”

వేసింది. దారి మధ్యలో నిలబడి, వేళ్లు నాకుతూ తిన్నాడు. పెదవులు ఎర్రగా పండాయి.

“ఓ అక్కా! వంకాయలు ఎప్పటికీ ఉంటయి. గిటు రా, నోరు తెరువు!”

ఆ అక్క సిగ్గుపడుతూ వచ్చింది. ఆమె వెనక ఇంకొందరు. పిల్లలు నాలుకలు బయటపెట్టి, ఎరుపు చూసుకుని గంతులేశారు.

“ఎట్లిస్తున్నవ్ పిల్లా?”

మొదటి పండు పోయింది. ఆ తర్వాత జతలు జతలుగా పోయాయి. భూమయ్య బీడీ పారేసి, లేచి సంచులు అందించసాగాడు.

“ఇంకింత.” మళ్లీ అదే దొప్ప ముందుకొచ్చింది.

గిన్నె అడుగంటుతోంది. కొనేవాళ్లు ఎదురుచూస్తున్నారు. నవతకు చిర్రెత్తింది.

“కాకా, గిది అమ్ముకునేటందుకు చేసిన. నీ కడుపు నింపేటందుకు కాదు. జర జరుగు, బేరం చెడగొట్టకు!”

జనం గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు.

“మంచిగన్నవ్ బిడ్డా.”

దొప్ప మడిచి, మూతి తుడుచుకుని గుంపులో కలిసిపోయాడు.

పొద్దు వాలేసరికి తట్ట ఖాళీ.

“కోడలా! వచ్చే అంగడికి ఇంకో తట్ట తెద్దాం!” భూమయ్య గొంతు అంగడంతా మోగింది. “ఇంకో వరుస స్తంభాలు పాతిపిస్త. మక్క ఎవనికి గావాలె!”

నవతకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. అంతలో మొట్టమొదట రుచి చూసిన, తను కసిరి పంపిన మనిషి గుర్తొచ్చాడు. మనసు చివుక్కుమంది. గిన్నెలో మిగిలింది ఒక్క దొప్పకు సరిపోయింది. అది పట్టుకుని యాదవ్వ దగ్గరికి పరుగెత్తింది.

“అవ్వా, రుమాలు కట్టుకున్న కాకా ఎటు పోయిండు?”

“లింబాద్రినా? మహారాష్ట్ర అంచుకు, జుక్కల్ దిక్కు మనిషి. నీ తట్ట ఖాళీ అయ్యేదాక డబ్బా ఎనకనే నిలబడి చూసిండు. ఇగ అంగడి అయిపాయె, పోత అన్నడు.”

“అంగడికి ఎందుకొచ్చిండు?”

“ఎందుకేంది, అమ్మెటందుకే. పొద్దుగాల నీ కన్నా ముందే వచ్చిండు. ఈడ చాయ్ తాగి సరుకు దించబోతుంటే మీ మామ మాటలు ఇనవడ్డయి. మల్ల ఆటో మీద తాటిపత్రి పట్టా కప్పేసిండు. ‘ముందుగాల గా పిల్ల సరుకు పోనీ’ అన్నడు.”

నవత దొప్ప పట్టుకున్న తన చేతులు చూసుకుంది. మోచేతుల దాకా డ్రాగన్ ముళ్లు గీసిన గీతలు.

“ఏం సరుకవ్వా?”

యాదవ్వ రోడ్డు వైపు చెయ్యి చూపింది.

బాన్సువాడ తొవ్వకు మళ్లుతున్న ఆటో మీద తాటిపత్రి గాలికి లేచింది; దాని కింద, ఒక్కటీ అమ్ముడు పోకుండా, అవే ఎర్రటి పండ్లు.