అన్నది అన్నట్టు

"ఆ కాంట్రాక్టర్ని నేను తిడితే, వాడు థాంక్స్ అని రాశాడేంటి? మార్చి టైపు కొట్టావా?" మేనేజరు కాగితాన్ని స్టెనో మొహాన విసిరాడు. "బుద్ధిలేనిదానా! ఇకమీదట నేనన్నది అన్నట్టు కొట్టు."

"అలాగే సార్," అందావిడ.

పన్నెండేళ్లుగా ఆయన ఇంగ్లీషు ఉత్తరాల్లోంచి బూతులు ఏరేసి, మర్యాద అద్దింది ఆవిడే. ఆయన చదవకుండానే సంతకం గీకేవాడు.

మధ్యాహ్నం ఛైర్మను ఉత్తరానికి జవాబు చెప్పి రాయించాడు, నోటి అలవాటు కొద్దీ బూతులతోనే. ఆవిడ ఒక్కటీ వదల్లేదు. ఆయన ఎప్పట్లాగే సంతకం గీకాడు.

కవరు అంటించే ముందు ఆవిడ ఛైర్మను ఉత్తరం మరోసారి చదువుకుంది: "మీ ఉత్తరాల్లోని మర్యాద చూసే మిమ్మల్ని డైరెక్టరుగా ఎంచుకున్నాం. మీ అంగీకారం రాయండి."

పన్నెండేళ్లలో మొదటిసారి, ఆయన సొంత ఉత్తరం పోస్టుడబ్బాలో పడింది.