చౌరస్తా దగ్గర గది

"హలో, వరంగల్ చౌరస్తా కాడ లాడ్జేనా?"

"అమ్మా, ఇది..."

"ముందుగాల నేను చెప్పేది వినుండ్రి సార్," అంది నిహారిక.

నిహారిక మాట అందుకుంటే మధ్యలో ఎవరికీ సందు దొరకదు. గుమ్మడిదల మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్. మెషిన్ల చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి గొంతుకు ఆ ధీమా వచ్చింది.

"మేం ఆరుగురం ఆడోళ్ళం. ఒక్క కంపెనీలనే పని చేస్తం. శనివారం వచ్చి కోట, వేయిస్తంభాల గుడి సూసుకోని ఆదివారం పోతం. గది ఊరు నడుమ ఉండాలె, అగ్గువకు రావాలె, లోపలి గొళ్ళెం గట్టిగుండాలె. వెంట మొగోళ్ళు లేరని ఇప్పటికే రెండు లాడ్జీలోళ్ళు వద్దన్నరు. మీరు గూడ వద్దంటే ఇగ మా ప్రయాణం ఆగినట్టే. వీళ్ళను ఇండ్లల్ల మళ్ళెప్పుడు గడప దాటనియ్యరు."

అవతలి నుంచి ఒక పెద్దాయన గొంతు నెమ్మదిగా వచ్చింది.

"సూసి చెప్త బిడ్డా," అన్నాడాయన. పేరడిగితే హరినాథ్ అన్నాడు.

మధ్యాహ్నం కంపెనీలో సద్ది విప్పుతూ, ఆ ఆరుగురిలో పెద్దదైన నర్సింహమ్మ అడిగింది. "గది దొరికిందా పిల్లా? మా ముసలాయన గది ఫోటో సూసినంకనే సజ్జ మీది బ్యాగు దించుతడట."

"దించుమను. నేనుండంగ పరేషాన్ ఎందుకు?"

"నువ్వుండవట్టే ఆయనకు పరేషాన్!"

అందరూ పగలబడి నవ్వారు.

మర్నాడు హరినాథే ఫోన్ చేశాడు.

"బిడ్డా, నువ్వడిగిన లాడ్జి వద్దు. కింద బార్ పెట్టిండ్రు. ఎనక గల్లీల ఇంకోటున్నది. రుక్మిణమ్మ అని, ఆడమనిషే నడుపుతది."

"మీ లాడ్జి బాగలేదని మీరే చెప్తున్నరా? అక్కడెంత ఇస్తరు మీకు కమీషన్?"

"కమీషన్ గాదు బిడ్డా, నేను..."

"ఇగ ఆపుండ్రి. మీ అసొంటోళ్ళను బస్టాండ్ల మస్తుమందిని సూసిన. వేడినీళ్ళన్న వస్తయా?"

"అది అడగలే. రేపు సూసి చెప్త."

"అన్నీ సూసి చెప్తనంటవు, ఏం మేనేజర్‌వయ్యా నువ్వు!"

జవాబు వినకుండానే నిహారిక ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఫోటోలు వచ్చాయి. గది, పరదాలు, పొగలొచ్చే బకెట్టు, లోపలి నుంచి బిగించిన గొళ్ళెం. అవి చూశాక నర్సింహమ్మ ఇంట్లో బ్యాగు సజ్జ దిగింది.

నిహారిక ఆయనకు మంచిదని ఒక్క మాటైనా పంపలేదు. వాళ్ళ బేరం వాళ్ళది, అనుకుంది.

శనివారం వరంగల్‌లో దిగారు. గది ఫోటోలో ఉన్నట్టే ఉంది. కిటికీ తెరిస్తే చౌరస్తా సందడి వినిపిస్తోంది.

"పిల్ల అన్నంత పని చేసింది!" అని మంచమెక్కి కూర్చుంది నర్సింహమ్మ.

నిహారిక కిందికి దిగితే, లాడ్జి యజమానురాలు రుక్మిణమ్మ పుస్తకంలో పేర్లు రాసుకుంటూ అడిగింది. "మీ నాయన రాలేదా?"

"మా నాయననా?"

"హరినాథ్ సారు. ఒక్కొక్క గదిలకు పోయి గొళ్ళెం ఏసుకోని సూసిండు. బిడ్డలొస్తరు, జెర పైలమమ్మా అని మరీ మరీ చెప్పిండు."

"ఆయన ఆ ముందటి లాడ్జి మేనేజర్ గదా? మీ దగ్గర కమీషన్ తీసుకోలేదా?"

రుక్మిణమ్మ నవ్వింది. "ఆయనా? మొదటిరోజు చౌరస్తాకు ఎటు పోవాలెనో నన్నే అడిగిండు!"

నిహారిక గబగబా బయటికొచ్చి ఫోన్ కలిపింది. ఒక ఆడమనిషి ఎత్తింది.

"గుమ్మడిదల బిడ్డవా? మంచిగ చేరిండ్రా? ఆయన పొద్దటి సంది నీ ముచ్చటే. ఇప్పుడే బయటికి పోయిండు, ఫోను ఇంట్లనే మరిసిండు."

"అమ్మా, ఆయన ఏ లాడ్జిల పని చేస్తడు?"

ఎప్పుడూ తడబడని గొంతు ఆ మాట దగ్గర తడబడింది.

"లాడ్జేందమ్మా, మాది నర్సంపేట అవతల పల్లె, నీ ఫోను తప్పి మాకొచ్చిందని చెప్పబోతే నువ్వు విననే లేదట, ఆడపిల్లల ప్రయాణం ఆగుతదని మిరపకాయలు ఏరే దినాలల్ల చేను ఇడిసిపెట్టి దినాం బస్సెక్కి వరంగల్ పోయిండు."