దూలానికి వేసిన ముడి

గోదారి పెద్ద వరద ధన్‌సింగ్ ఇంట్లో నడుం లోతున నిలిచి పోయిన రెండేళ్లకు జరిగిన ముచ్చట ఇది.

ఆ వరద తర్వాత, భద్రాచలం కాడ మొదటి హెచ్చరిక అన్న మాట చెవిన పడితే చాలు, ధన్‌సింగ్ ఇంట్లో బియ్యం బస్తాలు, బట్టల పెట్టె, విత్తనాలు అన్నీ అటక ఎక్కేవి.

ఆ ఏడు కొత్తగా కంప్యూటరూ ఎక్కింది.

నెట్ డబ్బా మాత్రం కింద గోడకే ఉండిపోయింది. దాని నుంచి పైకి పోయే నీలం తీగ గాలికి ఊగుతుంటే చూడలేక, ధన్‌సింగ్ దాన్ని దూలానికి చుట్టి, ఎద్దును కట్టేసినట్టు బిగించి ముడి వేశాడు.

నాలుగో రోజు కూతురు ఉషారాణి కళ్లు తుడుచుకుంటూ నిచ్చెన దిగింది.

"నెట్ వస్తలేదు బాపూ. ఇయ్యాల అయిదింటితోటి ఆఖరు. నెట్‌లనే అర్జీ పెట్టాలె. ఉన్నది ఒక్కటే పోస్టు."

ధన్‌సింగ్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఫోనెత్తి, సారపాకలో నెట్ షాపు నడిపే మక్సూద్‌కు సంగతి చెప్పాడు.

"మా బజారుల ట్రాన్స్‌ఫార్మర్ కాలింది భాయ్, పొద్దటి నుంచి షాపు బందే. మూడింటికి మనిషిని తోలుత" అన్నాడు మక్సూద్.

మూడున్నరకు వాకిట్లో ఒక మనిషి నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. మోకాళ్ల దాకా బురద. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"మక్సూద్ పంపిండా?"

"అవ్ పెద్దయ్యా, ఆయనే పంపిండు. నేను..."

"ఇంత ఆలిశ్యమా? కాళ్లు కడుక్కొని ఎక్కు."

ఆ మనిషి ఇంకేదో చెప్పబోయాడు. నిచ్చెన పక్కన ముక్కు చీదుకుంటున్న పిల్లను చూసి ఊరుకున్నాడు. కవరు చూరులో దోపి పైకెక్కాడు.

తెర మీద ఒక మూల ఎర్రటి ఇంటూ గుర్తు ఉంది.

"తీగ ఊడిందని చెప్తున్నది" అన్నాడు.

"ఊడలేదన్నా. పదిసార్లు పీకి పెట్టిన" అంది ఉష.

అతను దిగి, కింద డబ్బా ముందు చతికిలబడ్డాడు.

"ఫోను దీపం ఉన్నది. నెట్ దీపం ఉన్నది. కంప్యూటర్ దీపమే లేదు. బయట నుంచి అంతా మంచిగనే వస్తున్నది పెద్దయ్యా. రోగం మీ ఇంట్లనే ఉన్నది."

"మా ఇంట్ల ఉన్న రోగం ఒక్కటే" అంది రుక్మిణి, భర్త వైపు గడ్డం ఎత్తి చూపించి.

అతను రెండు వేళ్ల మధ్య తీగను పట్టుకుని, నాడి చూసినట్టు మెల్లగా పైకి జరుపుకుంటూ పోయాడు. దూలం దగ్గర వేళ్లు ఆగాయి.

"ఈ ముడి ఎవరేసిన్రు?"

"నేనే" అన్నాడు ధన్‌సింగ్, మీసం సవరించుకుంటూ. "ఎద్దు గుంజినా ఊడదు."

"ముడి ఊడలే. లోపల వెంట్రుకలసొంటి తీగలు ఎనిమిది ఉంటయి. అవి తెగినయి."

"గోదారినే కట్టేసేటోడు, గింత తీగ ఒక లెక్కనా" అంది రుక్మిణి.

అతను చాకు అడిగాడు. మోటారుకు చుట్టే నల్లటేపు అడిగాడు. పనిముట్లు లేని మెకానిక్‌ను చూడటం ధన్‌సింగ్‌కు అదే మొదలు.

ముడి కోసి పారేశాడు. తీగల చివర్లు పంటితో ఒలిచాడు. రంగుకు రంగు కలిపి, ఒక్కోదాన్ని మెలిపెట్టి, ఒకటి మరొకటికి తగలకుండా దేనికదే టేపు చుట్టాడు. మధ్యమధ్య గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"ఇంకో ఇంటికి పోవాల్నా?" అడిగాడు ధన్‌సింగ్.

"లేదు. ఇక్కడికే వచ్చిన."

నాలుగున్నరకు మూడో దీపం వెలిగింది.

ఉష గబగబా ఎక్కి కూర్చుంది. వెనకే అతనూ ఎక్కాడు. అర్జీ తెరుచుకుంది. పైన పోస్టు పేరు చదివి, చూరులో దోపిన తన కవరు వైపు ఒకసారి చూశాడు.

"తొందరగనే అయిపోతదా అన్నా?" అంది ఉష.

"నిమ్మళంగ నింపు చెల్లే. ఒక్క తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి రావాలె."

ఫోటో ఎక్కకపోతే చిన్నది చేయటం అతనే చూపించాడు. పేజీ రెండుసార్లు ఆగి, రెండుసార్లు కదిలింది. అయిదుకు రెండు నిమిషాలు ఉండగా అర్జీ చేరినట్టు నంబరు వచ్చింది.

"నంబరు రాసిపెట్టుకో" అని అతను నవ్వుతూ దిగాడు.

"అన్నం తిని పో తమ్ముడూ" అన్నాడు ధన్‌సింగ్.

"బస్సు పోతది పెద్దయ్యా."

చూరులోంచి కవరు తీసుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పండగే. ఉష ఆ నంబరును మూడు చోట్ల రాసుకుంది. రుక్మిణి మాత్రం గంటె పట్టుకుని మొగుడి మీదికి వచ్చింది.

"మన పని చేసిన మనిషిని పస్తు పంపుతరా? ఏ తండాలనన్న ఉన్నదా గిట్ల?"

మర్నాడు పొద్దున్నే ధన్‌సింగ్ కోడిపుంజును చంకన పెట్టుకుని సారపాక వెళ్లాడు.

అతన్ని చూడగానే మక్సూద్ చేతులు జోడించాడు.

"మాఫ్ చెయ్ భాయ్. మా మెకానిక్ శ్రీను బండి వాగుల ఆగిపోయింది. నిన్న మీ ఇంటికి రాలేకపోయిండు."

"వచ్చిండు గదా. మోకాళ్ల దాకా బురదతోటి. చేతుల కవరు."

"ఆయన శ్రీను కాదు భాయ్. చర్ల నుంచి వచ్చిన బలరాం. డిగ్రీ చదివి టెలిఫోను తీగలు గుంజే కూలీకి పోతడు. వాళ్ల ఊళ్లె నెట్ లేక నా దగ్గరికి వస్తే, ఇక్కడ కరెంటు లేదు, మా శ్రీను బాగు చేసినంక ధన్‌సింగ్ ఇంట్ల అడిగి పెట్టుకో అని నేనే తోలిన."

"ఏం పెట్టుకోను?"

"అర్జీ. మీ బిడ్డ పెట్టిన పోస్టుకే. అయిదు లోపల పెట్టిండా మరి?"

ధన్‌సింగ్ కోడిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, చర్ల బస్సెక్కాడు.