లోపలి పేరు

“నా ఫోన్ల మంచిగనే వస్తుంది గద భాయ్, ఈ ఫోన్ల ఎందుకొస్తలేదు?”

రజిత రెండు ఫోన్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఆమె మామూలు ఫోనులో పాటలన్నీ గుండ్రటి చేతిరాతలో, కాస్త ఎడమకు వాలి, ముద్దుగా కనిపిస్తున్నాయి. రెండోది ఆమె భర్త పుణెలో పని చేసేటప్పుడు మోజుపడి కొనుక్కున్న పాత ఐఫోను. అందులో అవే పాటలు అచ్చు అక్షరాల్లో బిగుసుకుని కూర్చున్నాయి.

“నా దాంట్ల రాకున్నా సరే. ఆయన ఫోన్లనే రావాలె,” అంది.

ఫయాజ్ తల గోక్కున్నాడు. గద్వాల బస్టాండు దగ్గర మేడ మీద దుకాణం పెట్టి ఎనిమిదేళ్ళుగా యాప్‌లు చేసి ఇస్తున్నాడు. చీరల షాపులవీ, పత్తి విత్తనాల ఏజెంట్లవీ ఎన్ని చేశాడో! ఏదీ ఇంతగా సతాయించలేదు.

నాలుగు నెలల కిందట రజిత ఒక నోటుబుక్కు తెచ్చింది. చర్చిలో పాడే పాటలన్నీ ఆమె భర్త చేత్తో రాసుకున్న పుస్తకం అది. “పాటలే గాదు, నేనేం టైపు చేసినా ఆయన రాసినట్టే రావాలె,” అని అడిగింది. ఆయన పేరేమిటంటే నోటితో చెప్పలేదు. మొగుని పేరు పలకని ఆడవాళ్ళు ఈ పక్క ఇంకా ఉన్నారు. అట్ట మీద వేలు పెట్టి చూపించింది. కె. సాంసన్ అని ఉంది.

“పుణెల బిల్డింగు మీదికెళ్ళి పడ్డడు భాయ్. రెండేండ్లాయె. అప్పటిసంది...”

“ఇగ చెప్పకు చెల్లె,” అని ఫయాజ్ అడ్డుపడ్డాడు. ఆడమనిషి చేత ఆ ముక్క చెప్పించడం పాపమనుకునే ఇంట్లో పెరిగాడతను. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

తెలుగు అక్షరాలు యాభై ఆరే అని బడిలో చెప్పి ఊరుకుంటారు. గుణింతాలూ వత్తులూ కలుపుకుంటే వందలు తేలాయి. ఒక్కొక్కటీ నోటుబుక్కులో వెతికి, ఫోటో తీసి, గీతలు సరిచేసి ఫాంటు కట్టేసరికి ఫయాజ్‌కు పట్టపగలే చుక్కలు కనిపించాయి. దొరకని అక్షరాలు తనే ఆ తీరుగా రాసి చేర్చాడు. రాసి రాసి, ఎన్నడూ చూడని మనిషి రాత తీరు అతని చేతికే అలవాటైపోయింది.

ఇవాళ రజిత వెంట ఒక మనిషి కూడా వచ్చాడు. “అక్కా, జర నీళ్ళు తాగుత,” అని అతను అడగడంతో ఫయాజ్‌కు వేరే పరిచయం అక్కర్లేకపోయింది, తమ్ముడన్నమాట. కణతల దగ్గర వెంట్రుకలు నెరిసి, చూడటానికి రజితకంటే పెద్దవాడిలా ఉన్నాడు. ఎండలో పని చేసేవాళ్ళకు వయసు ముందే మీద పడుతుంది మరి. అతను అక్కా అన్నప్పుడల్లా రజిత తల దించుకుంటోంది. పెబ్బేరు సంత రోజు, కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చి అలిసిపోయిందనుకున్నాడు ఫయాజ్.

“ఆ రాత ఈ ఫోన్ల కనవడితే పోయిందంత మళ్ళొస్తదని ఒక్కటే ఆశ భాయ్,” అంది రజిత.

పిచ్చి తల్లి, దుఃఖం ఏ మాటైనా అనిపిస్తుంది అనుకున్నాడు. కంప్యూటరు ముందుకు జరిగి మళ్ళీ మొదటినుంచీ వెతకసాగాడు.

అరగంటకు బల్ల మీద చరిచాడు. “దొరికింది! నీ ఫోనేమో ఫైలు మీద రాసిన పేరు చూసి ఫాంటు తెచ్చుకుంటది. ఐఫోను గట్ల గాదు, ఫాంటు లోపల ఏం పేరున్నదో అది చూస్తది. మీద సాంసన్ అనే పెట్టిన. లోపల పెట్టుడు మర్చిపోయిన, ‘పేరు లేనిది’ అనే ఉండిపోయింది.”

“లోపల పేరు లేకుంటే పోల్చుకోదా?” అన్నాడు పక్కన కూర్చున్న మనిషి, గమ్మత్తుగా నవ్వి.

“పోల్చుకోదన్నా. ఎంత మంచి రాతైనా దానికి ఎరుక గాదు.”

రజిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫయాజ్ లోపలి పేరు సరిచేసి, యాప్‌ను మళ్ళీ ఐఫోనులోకి ఎక్కించి ఆమె చేతికిచ్చాడు. రజిత టైపు చేసింది. సాంసన్ చేతిరాత అక్షరం అక్షరంగా తెర మీదికి వచ్చింది. ఆమె దాన్ని సరిగా చూడనైనా చూడకుండా పక్క మనిషి వైపు తిప్పింది.

“సదువు.”

“అన్నం తిన్నవా? పిల్లలు బడికి పోయిండ్రా?” అని అతను పైకి చదివాడు. “ఎవరిదక్కా ఈ రాత? చానా ముద్దుగున్నది.”

“ఇంకోపారి సూడు. మంచిగ సూడు.”

“సూస్తున్న గద. ఎవరో గానీ, పిల్లలంటే పాణమున్నట్టుంది ఈయనకు.”

బావ రాత ఇతనెందుకు చూసి ఉంటాడులే అనుకున్నాడు ఫయాజ్. రజిత మాత్రం అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయింది, చూసి చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగు నెలల్లో ఆమె కంట తడి చూడటం ఫయాజ్‌కు అదే మొదలు. పని ఫలించినా అతని మనసు చివుక్కుమంది. మళ్ళీ పనిలో పడ్డాడు.

“ఈ ఫోను ఇగ ఎవరి దగ్గరుంటది చెల్లె? యాప్‌ల పేరు కొట్టాలె.”

రజిత పక్క మనిషిని చూపించింది.

“నీ పేరు చెప్పన్నా,” అన్నాడు ఫయాజ్.

అతను నోరు తెరిచాడు. నవ్వు అలాగే ఉంది గానీ మాట రాలేదు. కాసేపు గోడనూ కాసేపు ఫోనునూ చూసి, చివరికి రజిత వైపు తిరిగాడు.

“అక్కా, నా పేరేంది?”

“సాంసన్,” అంది రజిత.