మూడో క్రేను

పాత రేవులో క్రేన్లను ఇళ్లుగా మార్చారు. ఎండ కోసం అవి రోజంతా పట్టాల మీద జరుగుతుంటాయి. ఒకప్పుడు చేపల వేలం గట్టు పక్కనే నిలిచిన మూడో క్రేను ఇప్పుడు దానయ్య ఇల్లు. ఆ క్రేనునూ వెనకనున్న కొండనూ ఒకే వరసలో చూసుకుంటూ, తండ్రి నేర్పినట్టే అతను చేపల పడవను ఆ గట్టు వైపు నడిపాడు. తీరా చేరింది పార్కు మెట్లకు. తొమ్మిది దాటితే వేలం ఉండదు, చేపలు ఎరువుకు పోతాయి.

భార్య పోలమ్మకు ఫోన్ చేశాడు.

“ఓలే, మనిల్లెక్కడుందే?”

“నానింట్లోనే ఉన్నాను మావా. ఇల్లెక్కడుందో నాకేటి తెలుసు?”

“కిటికీలోంచి సూడు.”

పోలమ్మ చూసింది.

“కింద పార్కు మెట్లున్నాయి. ఎవుడో పడవలో నిలబడి ఫోన్ మాట్లాడతన్నాడు. తొమ్మిది కూత కూసేసింది గదా. పాపం, ఆడి చేపలు ఎరువుకే.”